దుప్పటికి నాలుగు కొసలు

మా ఊరు హేర్నొసాండ్‌లోని హోటళ్ళ దుప్పట్లన్నీ మా లాండ్రీకే వస్తాయి. ఇస్త్రీ యంత్రంలోంచి దుప్పటి ఆవిర్లు కక్కుతూ బయటికి రాగానే ఆ చివర రెండు కొసలు ఒయూనా, ఈ చివర రెండు నేను పట్టుకుని మడతపెడతాం. ఒయూనాది మంగోలియా. ఏళ్ళుగా నా జోడీ.

ఈ చలికాలం కొత్త చట్టం వచ్చింది. బయటి దేశంవాళ్ళకు ఫలానా జీతం దాటితేనే పర్మిట్ పొడిగిస్తారట, లేకపోతే ఇంటిదారి. చవక కూలీల వల్ల ఇక్కడివాళ్ళ పొట్ట కొట్టినట్టవుతోందని పెద్దల వాదన. ఇక్కడే పుట్టిన మా పొట్టల సంగతి మమ్మల్ని అడిగిన పాపాన పోలేదు. మా అందరి జీతాలూ ఆ గీతకు కిందే.

యజమాని హోకన్ మంచివాడే, కాస్త పిసినారి. ఒయూనాను వదులుకోలేక కాఫీ వేళ వచ్చి, ఓ కాగితం ముందు పెట్టి, "నీ ఒక్కదానికి జీతం పెంచుతా. సంతకం పెట్టు" అన్నాడు.

మాలో అందరికన్నా పాతకాపు మైలిస్ మూతి తిప్పింది. "బాగుంది! ఇన్నేళ్ళూ ఆవిరికి ఉడికింది మేం. మీగడేమో మహారాణిగారికా?"

ఒయూనా పెన్ను ముట్టుకోలేదు. "దుప్పటికి నాలుగు కొసలు, హోకన్. నావి రెండు, గున్వోర్ అక్కవి రెండు" అంటూ నన్ను చూపించింది. " నా కొసలకే ఎక్కువ రేటా? అందరికీ పెంచు. లేకపోతే నాకూ వద్దు."

"అందరికీ ఎక్కణ్ణుంచి తేను? నెలాఖరుకి నీ పర్మిట్ అయిపోతుంది, పిచ్చిదానా!"

"తెలుసు."

ఆమె కూతురు ఇక్కడే బడికి వెళ్తోంది, ఆ పిల్లకు మంగోలియా భాష కూడా సరిగా రాదు. నేనైతే కళ్ళకద్దుకుని సంతకం పెట్టేదాన్ని. అంత గుండె నాకు లేదు.

విరామం అయిపోయినట్టు గంట మోగింది. మైలిస్ లేవలేదు. ఫ్లాస్కు అందుకుని ముందు ఒయూనా కప్పు నింపింది, తర్వాత మా అందరివీ. మా దగ్గర కాఫీ తాగుతున్న మనిషిని పనికి లేపడం మర్యాద కాదు. అది హోకన్‌కూ తెలుసు.

"ఇంకా ఎంతసేపు?" అన్నాడు.

"దాల్చినచెక్క బన్నులు బోలెడున్నాయి" అంది మైలిస్.

అవతల తడి దుప్పట్లు గుట్టపడ్డాయి. పెళ్ళివారు దిగబోయే హోటల్ నుంచి ఫోన్ మోగింది, మళ్ళీ మోగింది. మధ్యాహ్నానికి హోకన్ కుర్చీ లాక్కుని మా మధ్య కూలబడ్డాడు.

"రేటు పెంచమని హోటళ్ళవాళ్ళని అడిగాను. సగంమంది సరేనన్నారు. మిగతా సగం నా నెత్తిన. అందరికీ పెంచుతా, సరేనా? నాక్కూడా ఓ కప్పు పొయ్యండి."

"పొద్దున్నే అనుంటే వేడిగా తాగేవాడివి" అంది మైలిస్.

యంత్రం మళ్ళీ మొదలైంది. మొదటి దుప్పటి రాగానే ఒయూనా తన కొసలు రెండూ పైకెత్తింది, ముఖం కనపడకుండా. బట్ట వణుకుతోంది. నేను నా కొసలు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ ఒక్క దుప్పటికి మాత్రం తొందరపెట్టలేదు.