దక్షిణపు గోడ

పొద్దున్నే హెల్మెట్ లోపలి చెమట పట్టీని చేతిరుమాలుతో తుడుచుకుంటున్నాడు సైటు మేనేజరు. యాభై దాటిన మనిషి. మోకాళ్ల దగ్గర ఉబ్బిన ప్యాంటు, జేబులో మూతలు పోయిన పెన్నులు. ఎవరే మాటన్నా కాదనలేడు. సొంతిల్లు కట్టుకున్నప్పుడు వంటగది కిటికీ బావమరిది చెప్పిన చోటే పెట్టించాడు. ఇప్పటికీ భార్య పట్టపగలు లైటు వేసుకుని కూరలు తరుగుతుంది. ఆవిడ ఆ ఊసెత్తితే ఈయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటాడు.

ఊరికి నీళ్లందించే పంపుహౌసు కడుతున్నారు. ఇవాళ పెద్ద పంపు వస్తోంది.

ఆ పంపుని దక్షిణపు వైపు నుంచే లోపలికి తొయ్యాలి. కానీ అక్కడ గోడ లేచిపోయింది. పెద్దమనుషులు చూడటానికొస్తున్నారు, బోసిగా కనపడకూడదు, మూయించెయ్యమని డైరెక్టరు ఫోన్లో చెప్పాడు. పంపు వచ్చేదాకా ఆ మేర వదిలేద్దామని మేస్త్రీ అడగనే అడిగాడు.

"పైనుంచి చెప్పారయ్యా. కట్టెయ్. తర్వాత చూసుకుందాం," అన్నాడు మేనేజరు.

ఆ 'తర్వాత' ఇవాళ వచ్చింది. ట్రైలరు గేటు దాటి, మెల్లగా వెనక్కి నడిచి, గోడ ముందు ఆగిపోయింది. క్రేను డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగాడు. పంపు కంపెనీ వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. అంతలో డైరెక్టరు కారు దిగాడు.

"దీన్ని ఎవరు మూయమన్నారు?"

తాపీ చేత్తో పట్టుకునే మేస్త్రీ మేనేజరు వైపు చూశాడు. నిలదీసే చూపు కాదు, చెప్తాడులే అన్న చూపు.

"మేస్త్రీ కాస్త తొందరపడ్డాడండీ," అన్నాడు మేనేజరు. మాట ఎక్కడా తడబడలేదు. దానికే ఆయనకి భయం వేసింది.

మేస్త్రీ తాపీ పక్కన పెట్టి సమ్మెట అందుకున్నాడు. తన మనుషులతో కలిసి తన గోడనే కొట్టడం మొదలుపెట్టాడు. అది ఒక పట్టాన లొంగలేదు. ఇటుక పగిలినా సిమెంటు వదల్లేదు. మేనేజరు నీడలో కాసేపు నిలబడి, నిలబడలేక ఆఫీసు గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. రేకు గోడల్లోంచి ప్రతి దెబ్బా వినపడుతూనే ఉంది. క్యారేజీ విప్పి మళ్లీ మూసేశాడు.

"పంపు వచ్చిందా?" భార్య ఫోన్లో అడిగింది.

"వచ్చింది."

"గొంతు అలా ఉందేంటి?"

"దుమ్ము."

పొద్దు వాలేసరికి పంపు లోపలికి చేరింది. రేపటి నుంచి రావద్దని కూలీల కాంట్రాక్టరు మేస్త్రీకి చెప్పేశాడు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న మనిషి దగ్గరికి మేనేజరు వెళ్లాడు.

"మేస్త్రీ..."

"గోడ మాత్రం గట్టిగా కట్టాను సార్. మావాళ్ల చేతులు బొబ్బలెక్కాయి," అన్నాడు మేస్త్రీ, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. నవ్వబోయి మానేశాడు.

మేనేజరు అక్కడి నుంచి తిన్నగా డైరెక్టరు గదికి పోయాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఆ గోడ నేనే కట్టించానండీ. అతని తప్పేం లేదు."

డైరెక్టరు సెల్‌ఫోన్ మీంచి తలెత్తలేదు. "తెలుసయ్యా. నీకు చెప్పింది నేనే కదా. అందరి ముందూ బాగా సర్దావు. ఇక వదిలెయ్."

మేనేజరు తలూపాడు. ఊపాక చెవులు భగ్గుమన్నాయి. ఆ మెప్పు ఒళ్లంతా బురదలా అంటుకుంది. మేస్త్రీని వెనక్కి పిలిపించమని అడగాలనుకున్నాడు. తలుపు దగ్గర ఒకసారి ఆగాడు కూడా. అడగలేదు.

బయటికొచ్చేసరికి కూలీల వ్యాను వెళ్లిపోయింది. పంపుహౌసు దగ్గర ఎవరూ లేరు. గోడకి పడ్డ గండికి ఇరుపక్కలా మేకులు కొట్టి, రేపు వచ్చే తాపీ పనివాడి కోసం, మొదటి ఇటుకల వరుస ఎత్తున ఒక దారం బిగించి పోయాడు మేస్త్రీ.