దుబాసీని పెట్టుకున్న నేరం

నేను ఒక కంప్యూటర్‌ని. ఒళ్లంతా నల్లటి ఇనుప డబ్బా, ముందొక మీట, లోపల ఆయాసపడుతూ తిరిగే ఫ్యాను. హైదరాబాదులో ఒక బీమా ఆఫీసులో నా కొలువు మొదలైంది. నా ముందు కూర్చున్నవాళ్లు పని చేయడానికి కొంతా, పని చేస్తున్నట్టు కనిపించడానికి చాలా నన్ను వాడుకున్నారు. అంతలో కొత్త విండోస్ వచ్చింది. "ఈ యంత్రం నాకు తగదు" అని నా తెర మీదనే రాసి చూపించింది. రిటైరయ్యే గుమస్తాకు శాలువా కప్పి, ఫొటో తీసి పంపడం ఆ ఆఫీసులో చూశాను. నన్ను మాత్రం తీగలు పీకి, సికింద్రాబాదులో పాత కంప్యూటర్లు అమ్మేవాడికి అప్పజెప్పారు.

అక్కడి నుంచి నన్ను హనుమకొండకు తెచ్చుకున్నది లహరి. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. తల్లి లేదు. తండ్రి సారయ్యకు చౌరస్తా దగ్గర స్కూలు యూనిఫారాలు కుట్టే కొట్టు ఉంది. ఇల్లు ఆ కొట్టు వెనకాలే. బస్సులో లహరి నన్ను సీటు కింద పెట్టనివ్వలేదు. ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. నా జన్మలో నాకు దక్కిన మర్యాద అదొక్కటే.

నాకు కొత్త విండోస్ ఎక్కదని ఆమెకు తెలుసు. విండోస్‌కు బదులుగా, పాత యంత్రాల మీద కూడా నడిచే లినక్స్ ఎక్కించింది. అది ఎవరినీ కులం, వయసు అడగదు. ముసలిదాన్ని, నాకు ఊపిరి తిరిగొచ్చింది. చిక్కల్లా ఒకటే. లహరి ప్రాణం పెట్టి ఆడే 'యాష్‌ఫోర్ట్' అనే ఆట విండోస్ కోసం రాసినది. అయిదుగురు ఒక జట్టుగా కోటను కాపాడే ఆట అది. విండోస్ భాష తప్ప దానికి ఇంకో ముక్క రాదు. లినక్స్‌కు ఆ భాష రాదు. అందుకని లహరి వాళ్లిద్దరి మధ్య ఒక దుబాసీని కూర్చోబెట్టింది. వైన్ అని దాని పేరు. ఆట అడిగినదాన్ని ఇది లినక్స్‌కు తిప్పి చెబుతుంది, లినక్స్ ఇచ్చినదాన్ని మళ్లీ ఆటకు అందిస్తుంది. అంతే దాని పని.

ఆ పేరు వల్ల మొదట్లోనే ఇంట్లో చిన్న గొడవ అయింది. "బాపూ, కొత్త వైన్ వచ్చిందట. పొద్దుగాల ఎక్కిచ్చుకుంటే ఆట మస్తు నడుస్తది" అని లహరి సంబరంగా చెప్పేసరికి, గుడ్డ కత్తిరిస్తున్న సారయ్య చేయి ఆగిపోయింది.

"ఏంది ఎక్కిచ్చుకునేది? ఆడివిల్లవు, పొద్దుగాలనే?"

విషయం అర్థమయ్యాక ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఆ ఇంట్లో వాళ్లిద్దరూ కలిసి అంతగా నవ్వడం నేను మళ్లీ వినలేదు.

లహరి ఆట గురించి చెప్పాలి. ఆమె వేళ్లలో తొందర ఉండేది కాదు. శత్రువు ఏ గోడ చాటునుంచి వస్తాడో ముందే పసిగట్టి అక్కడ కాచుకుని ఉండేది. కరీంనగర్ కుర్రాడు కౌశిక్ ఆమెను అలా ఒక ఆటలో చూసి తన జట్టులోకి పిలిచాడు. అతనే జట్టుకు నాయకుడు. మంచి మాటకారి. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే వాళ్లు అయిదుగురూ స్నేహితులయ్యారు. పెద్ద పోటీకి పేర్లు ఇచ్చేముందు లహరి దాచుకోకుండా అడిగింది.

"కౌశిక్, నేను లినక్స్‌ల ఆడుతున్న. దాంతోని ఏమన్న లొల్లి అయితదా?"

"ఏం గాదే. అద్దని రూల్స్‌ల యాడ లేదు. నేను సూశ్న" అన్నాడు కౌశిక్. "గని ఎవలకు చెప్పకు. ఊకె అనుమానపడ్తరు" అన్నాడు.

ఈ మాటలు నా స్పీకరు లోంచే వచ్చాయి. అందుకే ఇంత ఖచ్చితంగా చెప్పగలుగుతున్నాను.

జట్టు గెలుస్తూ పోయింది. సెమీఫైనల్ కూడా గెలిస్తే హైదరాబాదులో వేదిక మీద ఫైనల్. హైదరాబాదులోని ఒక ఆటల క్లబ్బు అయిదుగురినీ జీతమిచ్చి పెట్టుకుంటామని కబురు చేసింది. ఆ రోజు లహరి తండ్రి దగ్గర కూర్చుని అంతా విడమరచి చెప్పింది. సారయ్యకు ఆట అర్థం కాలేదు గానీ జీతం అర్థమైంది, కూతురి ముఖంలో వెలుగు అర్థమైంది. సెమీఫైనల్ ఆదివారం మధ్యాహ్నం. ఇంటర్నెట్లో ప్రత్యక్షంగా చూపిస్తున్నారు. సారయ్య కొట్టులో కుట్టుమిషను మీద ఫోను నిలబెట్టి, బట్టలు తీసుకోవడానికొచ్చిన వాళ్లందరినీ ఆపి, "అగో, గా పచ్చ టోపి మా బిడ్డ" అని చూపిస్తున్నాడు. గోడ ఇవతల గదిలో ఉన్న మాకు ఆ గొంతు వినబడుతూనే ఉంది. లహరి నవ్వుకుంటూ ఆడుతోంది.

ఆట కంపెనీవాళ్లు ఆ వారమే కొత్త కావలివాణ్ని పెట్టారు. మోసగాళ్లను పట్టే ప్రోగ్రాం అది. అది నాలోకి వచ్చి గదిగదీ వెతికింది. ఆటకూ నాకూ మధ్య కూర్చున్న దుబాసీని చూసింది. ముఖం కొత్తది, భాష రెండు రకాలు. ఎవరు నువ్వు, ఏం పని అని అడగలేదు. అడగడం దానికి నేర్పలేదు. దొంగ అని తేల్చేసింది.

కోట తలుపు దగ్గర లహరి బొమ్మ ఉన్నచోటే బిగుసుకుపోయింది. తెర మీద ఎర్ర అక్షరాలు పడ్డాయి. ఈ ఆటగాడు మోసం చేస్తూ పట్టుబడ్డాడు, శాశ్వతంగా బహిష్కరిస్తున్నాం అని. ఆ అక్షరాలు నా తెర మీదే కాదు, చూస్తున్న వాళ్లందరి తెరల మీదా పడ్డాయి. కొట్టులో కుట్టుమిషను మీదున్న ఫోనులో కూడా.

వ్యాఖ్యాత ఆట ఆపించి జట్టు నాయకుణ్ని లైన్లోకి తీసుకున్నాడు. "మీ ప్లేయర్ ఏం వాడుతున్నరో మీకు తెలుసా?"

లహరి కుర్చీ అంచుకు జరిగింది. కౌశిక్ చెబుతాడు, ఇది లినక్స్ అని, తనకు ముందే చెప్పిందని, అన్న ధీమా ఆ ముఖంలో కనిపించింది. ఆమెనైతే అప్పటికే బయటికి నెట్టేశారు. వినగలదు గానీ మాట్లాడలేదు.

"లేదు సార్" అన్నాడు కౌశిక్. "ఆమె ఏం వాడుతదో మాకెప్పుడు చెప్పలె. మాగ్గూడ ఇది షాకే."

నేనూ విన్నాను. ఆమె ఏ మోసమూ చేయలేదని ఈ లోకంలో కళ్లారా చూసినదాన్ని నేనొక్కదాన్నే. లెక్కలేనన్ని లెక్కలు చేస్తాను, పాటలు వినిపిస్తాను, ఊళ్లవాళ్ల గొంతులన్నీ మోసుకొస్తాను. నాకంటూ ఒక్క మాట లేదు.

నిర్వాహకులు దయగలవాళ్లు. తప్పు ఒక్కరిదే కనుక ఇంకొకరిని పెట్టుకుని ఆట మళ్లీ ఆడమన్నారు. కౌశిక్ జట్టు ఆడింది, గెలిచింది. క్లబ్బు కూడా మాట తప్పలేదు, అయిదుగురినీ తీసుకుంది. అయిదో మనిషి లహరి కాదు, అంతే.

సారయ్య కొట్టు మూసి లోపలికొచ్చాడు. లహరి తెర ముందే కూర్చుని ఉంది. ఆయన అరవలేదు. కూతురి తల మీద చెయ్యి వేశాడు.

"పోనీ తియ్ బిడ్డా. గెలవాలన్న ఆశకు ఎవలైన చేస్తరు. నేను మాత్రం వాళ్లిచ్చిన బట్టల నాకింత గుంజుకొని కుడుతలేనా?"

"బాపూ, నేను చెయ్యలె."

"చెయ్యలె, చెయ్యలె. అన్నం తిందువు రా."

తిట్టి ఉంటే ఎదురు తిరిగేది. కొట్టి ఉంటే ఏడ్చేది. చేయని తప్పును ప్రేమగా క్షమించేసిన తండ్రితో ఎలా పోట్లాడాలో ఆ పిల్లకు తెలియలేదు. లేచి వెళ్లి అన్నం తింది.

ఆ తర్వాత ఆట కంపెనీకి ఎన్నిసార్లు రాసినా యంత్రమే జవాబిచ్చేది, మా నిర్ణయం సరైనదే అని. కాలేజీలో పిల్లలు ఆమె వస్తుంటే ఫోన్లు బోర్లా పెట్టి నవ్వు ఆపుకునేవారట. ఇది ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒక స్నేహితురాలికి రాయబోయి, రాసినంతా చెరిపేసింది. రాసింది నా మీదే కనుక నాకు తెలుసు.

ఎండాకాలం పోయి వానలు పడ్డాక కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. కావలి ప్రోగ్రాం లినక్స్‌లో ఆడేవాళ్లను పొరపాటున మోసగాళ్లనుకున్నదట, అలా దెబ్బతిన్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారట, ఖాతాలు మళ్లీ తెరిచారట, అసౌకర్యానికి చింతిస్తున్నారట. వాళ్లకు అది అసౌకర్యం. దొంగ అన్నప్పుడు ఊరంతటికీ కనబడేలా ఎర్రగా రాశారు. కాదన్నప్పుడు ఒక్కరికే, గోరంత అక్షరాలతో.

లహరి దాన్ని కౌశిక్‌కు పంపింది. అతను వెంటనే జవాబిచ్చాడు. "అరె సూపర్ లహరీ! నాకైతె ముందే తెలుసు నువ్వు చెయ్యవని."

ఆ 'ముందే' అన్న మాట దగ్గర ఆమె చూపు చాలాసేపు ఆగింది. అతని సందేశాన్ని మూసేసింది.

తర్వాత తండ్రిని పిలిచింది. సారయ్య మెడలో టేపుతోనే వచ్చి నిలబడ్డాడు. ఆమె ఆ ఉత్తరాన్ని ఒక్కో వాక్యమే తెలుగులో చెప్పింది. లినక్స్ అంటే ఏంటో, దుబాసీ ఎందుకో, అది ఎందుకు మోసం కాదో, మళ్లీ మొదటినుంచీ చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. ముఖం వికసించింది.

"అయితే ఇడిసిపెట్టిన్రు. మంచోళ్లే పాపం" అన్నాడు. "ఇంకోపారి గట్ల చెయ్యకు బిడ్డా."

లహరి నోరు తెరిచింది. ఆయన కళ్లలోకి చూసింది. ఆ కళ్లలో కల్మషం లేదు. కూతురు గండం గడిచి బయటపడ్డదన్న సంతోషం తప్ప ఇంకేమీ లేదు.

"చెయ్య బాపూ" అంది.

ఆమె ఇప్పుడు ఒక బ్యాంకులో చేరింది. ఆటలు ఆడదు. కొత్త ల్యాప్‌టాప్ వచ్చాక నన్ను వాకిట్లోకి తెచ్చి, పాత సామాన్లు కొనేవాణ్ని పిలిచింది. అతను నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నడుస్తదా ఇది?"

"మంచిగ నడుస్తది. దీంట్ల ఏం తప్పు లేదు" అంది లహరి.

అతను నమ్మలేదు. ఇనుము కింద తూకం వేసుకున్నాడు.