తువ్వాలు తడిసిన చోటు

కట్టంగూరు నేతవారి వీధిలో గుర్వమ్మ, రామచంద్రం దంపతులను ఎరుగనివారు లేరు. ఊరిలో ఏ ఇంట బిడ్డ పుట్టినా, కులమడగక, గుర్వమ్మ ఒక మెత్తని తువ్వాలు పంపేవారు. రామచంద్రం కరువు వచ్చిన ఏడు తమ చేదబావిని ఊరందరికీ విడిచిపెట్టారు. రాజం వారి కోడలు.

రాజం ప్రతి ఉదయమూ మగ్గం గుంటలో దిగి, చిన్న చిన్న గళ్ళు పొంగేటట్లు తువ్వాళ్ళు నేసేది. కొత్త తువ్వాలు గంజితో బిగిసి నీటిని పీల్చదు. ఉతికినకొద్దీ దానికి దాహం పుడుతుంది. రాజం సొంత తువ్వాలు ముప్పై ఏండ్లు ఉతికినది కనుక, దాని దాహం నేల లోపలి నీటిని సైతం అందుకొనేది. పొడినేలపై పరిస్తే, కింద ఊట ఉన్నచోట తడిసేది. అందుచేత బోరుబండి కంటె ముందు రాజమును పిలవడం ఆ ఊరిలో పరిపాటి.

రైతు ఏసోబు మాత్రం పిలవలేదు. తనకు తోచినచోట మూడు బోర్లు వేయించాడు. మూడింటా దుమ్మే లేచింది. చివరికి, రాబోయే సోమవారం ఉన్న రెండెకరాలూ అమ్మి, నల్గొండలో కావలి పనికి కుదరడానికి ఒప్పుకున్నాడు. ఆదివారం ప్రార్థన ముగియగానే అతని భార్య బిక్షమ్మ రాజమింటికి వచ్చి, ఒక్కసారి చేనుకు రమ్మని వేడుకొన్నది.

మిట్టమధ్యాహ్నం వరకు రాజం చేనంతటా తువ్వాలు పరిచి చూచింది. ఎక్కడా చెమ్మ లేదు. బిక్షమ్మ ఆమెను చేనిలోని తమ ఇంటికి తీసుకొనిపోయి, రేకుల వంటింట్లో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. రాజం పొయ్యి పక్కన తువ్వాలు పరుచుకొని కూర్చున్నది. లేచేసరికి చీర తడిసి ఉన్నది.

గడపలో నిలబడిన ఏసోబు నవ్వాడు. "చాయ్ ఒలకబోసుకున్నవా అవ్వా?"

"నా కప్పు చూడు బిడ్డా, నిండుగ ఉన్నది."

రాజం తువ్వాలు పిండగా గిన్నె నిండింది. ఏసోబు నవ్వు ఆగింది.

"పొయ్యి కాడ బోరా? గీ వంటిల్లంత కూలగొట్టాలె."

"పొయ్యి ఏడన్న పెట్టుకోవచ్చు," అన్నది బిక్షమ్మ. "జాగా పోతే ఏడ పెడ్తం?"

ఏసోబు చేను కొనేవారికి ఫోను చేసి, సోమవారం రావద్దన్నాడు. బిక్షమ్మ అప్పటికే గడ్డపారతో పొయ్యి పెకలిస్తున్నది. బుధవారం అక్కడ నీళ్ళు పడ్డాయి.

రాజం తన తరువాతివారికి ఇచ్చినవి స్వల్పమే. మగ్గం కోడలు రోజారమణికి ఇచ్చింది. నేత మనుమరాలు ప్రియాంకకు నేర్పింది. తువ్వాలు బిక్షమ్మ చేతిలో పెట్టి, పిలిచినవారి చేనుకు కాదనక పోయి రావలెనని చెప్పింది. బిక్షమ్మ నేటికీ పోయి వస్తున్నది.