కార్డులో ఉన్న మాట

అన్యాయం జరిగినది ఎవరికి? యేసుపాదం కూతురు ఎస్తేరుకు. చేసినవాడు ఎవడు? మాచర్ల ధనుంజయరావు. ఎట్లా చేశాడు? పురిటి నొప్పులతో ఆసుపత్రికి పోతున్న ఆ పిల్ల బండికి కట్టిన ఎద్దులను నడిదారిలో విప్పించి, కదలని తన మోటారుకు కట్టించుకున్నాడు. ఆ పనిలో నా వాక్యం ఒకటి ఉంది. కనుక దీనిని రాయవలసినదానను నేనే.

మా పల్లె మాచర్లకు ఐదు మైళ్లు తూర్పున, రెంటచింతల పోయే దారిలో ఉన్నది. పల్లె దాటి మరొక మైలు పోతే వాగు వస్తుంది. ఆ రోజుల్లో దానికి వంతెన లేదు. ఎండాకాలం చుక్క నీరు ఉండదు గాని, ఇసుకలో దిగిన మోటార్లు ఉక్కిరిబిక్కిరై అక్కడే ఆగిపోవడం మామూలు. మోటార్లున్న పెద్దలు మదరాసులో ఒక సంఘం పెట్టుకున్నారు. ఏటా చందా కట్టిన సభ్యుడికి బండి ముక్కున బిగించుకొనే ఇత్తడి బిళ్ల ఒకటి, జేబులో పెట్టుకొనే కార్డు ఒకటి ఇచ్చేవారు. దారిలో మోటారు ఆగితే కార్డు చూపిస్తే చాలు. ఆ చుట్టుపక్కల సంఘంతో ఒప్పందం ఉన్న ఎద్దులవాడు వచ్చి దానిని మరమ్మతు షెడ్డుకు లాక్కుపోవాలి. కూలి సంఘమే పంపుతుంది. మా వాగుకు అట్లా కుదిరినవాడు యేసుపాదం; దగ్గరి షెడ్డు మాచర్లలో ఉన్నది.

ఒప్పందం ఇంగ్లీషులో వచ్చింది. చదివి చెప్పినది నేను. గుంటూరులో మఠకన్యల బడిలో చదువుకొని, మా పల్లె గుడి పక్క పాకలో పిల్లలకు పాఠాలు చెప్పే ఎలిజబెత్ టీచరును. మంచి బేరమే, వేలిముద్ర వెయ్యమని కూడా నేనే అన్నాను. సంఘం పంపిన ఇత్తడి పలకను యేసుపాదం తన తలుపుకు కొట్టుకొని, నాలుగు రోజులు వచ్చినవారికీ పోయినవారికీ చూపించుకున్నాడు.

పందొమ్మిది వందల నలభై మూడు మే నెల. ఎస్తేరుకు తొలి కాన్పు. భర్త శౌరి యుద్ధానికి పోయిన కూలీల దళంలో ఎక్కడో అస్సాము అడవుల్లో ఉన్నాడు. రెండు రాత్రులు నొప్పులు పడినా బిడ్డ కదలలేదు. మంత్రసాని చేతులు కడుక్కొని, ఇక తనవల్ల కాదు, రెంటచింతల సిస్టర్ల ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నది. పొద్దుటి రైలు అప్పటికే దాటిపోయింది. యేసుపాదం బండి కట్టాడు. అతని భార్య దేవమ్మ, నేను పిల్లను చెరోవైపు పట్టుకొని కూర్చున్నాము. ఆసుపత్రి ఏడు మైళ్లు. అతని ఎద్దులకు రెండు గంటల దారి.

వాగులో నల్ల మోటారు నిలబడి ఉన్నది. ధనుంజయరావు గురజాల కోర్టులో వ్యాజ్యం గెలిచి ఇంటికి పోతున్నాడు. వెంట డ్రైవరు బసవయ్య, కర్రలు పట్టిన ఇద్దరు నౌకర్లు ఉన్నారు. మా పల్లె చుట్టూ ఉన్న మెట్టలో సగం ఆయనదే. ఆయన మా బండిని చూసి నవ్వాడు. వెతకబోయిన జత ఎదురే వచ్చిందన్నాడు.

యేసుపాదం కాళ్లు పట్టుకున్నాడు. పిల్లను దించి క్షణంలో వస్తానన్నాడు. పొద్దుగూకేదాకా మోటారు ఇక్కడుంటే టైర్లు ఊడదీసుకుపోతారనీ, యుద్ధకాలంలో టైరు ఎక్కడ దొరుకుతుందనీ ఆయన అడిగాడు. ఎద్దులను విప్పమని నౌకర్లకు చెప్పాడు. వాళ్లు కదలలేదు. పురుడు పోసుకుంటున్న ఆడదాని బండి మీద చెయ్యి వేయడానికి ఎంతటివాడికైనా జంకు ఉంటుంది.

అప్పుడాయన జేబులోంచి కార్డు తీసి నాకు అందించాడు.

"టీచరమ్మా, నేను దౌర్జన్యం చేస్తన్నానని రేపు నలుగురూ అనకూడదు. ఇందులో ఏముందో అందరికీ వినబడేట్టు తెలుగులో చదువు."

ఆయన కార్డును తలకిందులుగా అందించాడు. నేను దానిని తిప్పుకోవడం ఆయన చూశాడు. ఇంగ్లీషులో ఒక్క అక్షరం రాదని అప్పుడే నాకు తెలిసింది. అక్కడున్న అందరిలోనూ ఆ కార్డు చదవగలిగినదానను నేనొక్కదాననే. ఇది పాఠకులు గుర్తుంచుకోవాలి.

మఠంలో మాకు చదువు చెప్పిన సిస్టరు ఒక నియమం పెట్టింది. పైకి చదివేటప్పుడు ఉన్నదే చదవాలి, ఒక మాట కలపరాదు, ఒక మాట విడువరాదు. తప్పితే అరచేతి మీద బెత్తం. ఆ బెత్తం నా చేతిని వదలి ఇరవై ఏళ్లయినా భయం వదలలేదు. నేను చదివాను.

"సభ్యుని మోటారు కదలని స్థితిలో ఉన్నప్పుడు, ఈ కార్డు చూపిన క్షణం నుంచి దానిని అతి సమీపంలోని మరమ్మతు షెడ్డుకు చేర్చేవరకు, ఒప్పందపు ఎద్దులను మరే పనికీ వినియోగించరాదు."

పిల్లను మోటారులోనే పడుకోబెట్టి, ఆ మోటారునే రెంటచింతల వైపు లాగిద్దామని నేను బతిమాలాను. ఎటు లాగినా లాగుడేనని, ఆసుపత్రి దగ్గరే మోటారుకు కాపలా ఉంటామని చెప్పాను.

"షెడ్డని ఉందా, ఆసుపత్రని ఉందా?" అన్నాడు ధనుంజయరావు.

"షెడ్డని ఉంది."

"మరింకేంది? ఆ సీట్ల తోలు మదరాసు నుంచి తెప్పించింది. దాని మీద పురుళ్లు పోస్తారా?"

చట్టం చదివి వినిపించిన తరువాత నౌకర్లకు జంకు పోయింది. ఒకడు యేసుపాదాన్ని వెనక్కు విరిచి పట్టుకున్నాడు. ఇంకొకడు కాడి విప్పాడు. బండి నొగలు నేలకు ఒరిగితే లోపల పిల్ల ముందుకు జారి కేక పెట్టింది. అయితే ఆ ఎద్దులు యేసుపాదం గొంతుకు తప్ప అడుగు వేసేవి కావు. అందుకు కూడా ధనుంజయరావు దగ్గర ఉపాయం ఉన్నది.

"ఒరేయ్ యేసుపాదం, ఏడుస్తా కూర్చుంటే నీకే ఆలస్యం. ఎంత బిరాన లాగితే అంత బిరాన నీ కూతురి దగ్గరికి వస్తావు. ఆలోచించుకో."

అతడు ఆలోచించుకున్నాడు. మోకు కట్టి, జీవితంలో ఎన్నడూ కొట్టని ఎద్దులను కొట్టుకుంటూ ఆరు మైళ్లు ఆ ఎండలో పరుగెత్తించాడు. స్టీరింగు పట్టుకొనేముందు బసవయ్య తన నీళ్ల కూజా తెచ్చి మా దగ్గర పెట్టాడు. ఆ రోజు మాకు మనుషుల చేత అందినది అదొక్కటే.

పల్లెలోని మిగతా మూడు బండ్లూ ఆ రోజు సంతకు పోయి ఉన్నాయి. దేవమ్మ, నేను చెరొక నొగ పట్టుకొని రెంటచింతల వైపు బండి లాగాము. ఒక్క మైలు లాగాము. దేవమ్మ చేతులకు చుట్టుకున్న కొంగు నెత్తురయింది. నా అరచేతుల తోలు లేచిపోయింది. బండిలోంచి వస్తున్న మూలుగు ఆగిపోయినప్పుడు, పిల్ల కాస్త నిద్రపోయింది కాబోలునన్నది దేవమ్మ. నేను చూశాను. నిద్ర కాదు. బిడ్డ కూడా తల్లితోనే ఉండిపోయింది.

పొద్దుగూకే వేళకు యేసుపాదం వచ్చాడు. ఒక ఎద్దు నోట నురగ కారుతున్నది. అతడు బండి వంక చూడకుండానే కాడి కట్టి, బండిని పల్లె వైపు తిప్పాడు.

నేను న్యాయం కోసం అర్జీలు రాశాను. తాలూకా మేజిస్ట్రేటు ఆఫీసు నుంచి జవాబు రాలేదు. మదరాసు సంఘం మాత్రం మంచి కాగితం మీద మర్యాదగా రాసింది: సభ్యుని మోటారు నిబంధనల ప్రకారమే చేర్చబడినది గనుక ఫిర్యాదుకు ఆధారం లేదట.

ఆ జవాబు వచ్చిన నాడు యేసుపాదం ఇంటికి పోయి దాచుకున్న సంగతి చెప్పాను. ధనుంజయరావుకు చదవడం రాదనీ, ఆసుపత్రి అని ఒక్క మాట మార్చి చదివితే ఎస్తేరు బతికేదనీ చెప్పాను. దేవమ్మ నా ముఖాన తలుపు వేస్తుందనుకున్నాను. ఆమె లేచి లోపలికి పోయింది. యేసుపాదం తలుపు మీది పలక వంక చూశాడు. ఆ పలక పీకి పారెయ్యి, ఒప్పందం రద్దు చేస్తూ ఉత్తరం రాస్తానన్నాను.

"ఉండనీయమ్మా," అన్నాడు. "పలక ఉండనీ."

పలక ఉన్నది. అయిదేళ్లు ఉన్నది. శనివారం శనివారం చింతపండు పెట్టి తోమేవాడు. కూతుర్ని మింగిన పలకకు మెరుగు పెడుతున్నాడని పల్లె నవ్వింది. శౌరి యుద్ధం నుంచి వచ్చి, దానిని చూసి, మామకు చెప్పకుండానే నకరికల్లులో కూలికి పోయాడు. యేసుపాదం మాత్రం తోముతూనే ఉన్నాడు.

పందొమ్మిది వందల నలభై ఎనిమిది. మళ్లీ మే నెల. మధ్యాహ్నం బడి వదిలే వేళకు బసవయ్య చెమటలు కక్కుతూ పల్లెలోకి వచ్చాడు. ధనుంజయరావుకు రెండు రోజులుగా మూత్రం బిగిసిపోయిందట. సిస్టర్లు గొట్టం వేసి తీస్తారని, సాయంత్రం రైలుదాకా ఆగలేక మోటారులో బయలుదేరితే అది వాగులో ఆగిపోయిందట. నౌకర్లు ఆయన కొలువు వదిలి చాలా రోజులైంది. బసవయ్య యేసుపాదం తలుపు దగ్గర నిలబడి, యజమాని నేర్పిన ప్రకారం నోరు విప్పకముందే కార్డు చాచాడు.

యేసుపాదం కార్డు వంక చూసి, టీచరమ్మను పిలుచుకు రమ్మన్నాడు. ఆమె చదవనిదే కాడి ఎత్తనన్నాడు.

ఎద్దులను తోలుకొని, మోకు పట్టుకొని మేము వాగుకు పోయాము. బండి తేలేదు. ధనుంజయరావు మదరాసు తోలు సీటు మీద మోకాళ్లు కడుపులోకి ముడుచుకొని ఉన్నాడు. పొత్తికడుపు కుండలా ఉబ్బి ఉన్నది. నొప్పి వచ్చినప్పుడల్లా తలుపు అంచును కొరుకుతున్నాడు. ఎస్తేరు కూడా బండి పట్టెను అట్లాగే కొరికింది. ఆ పంటి గాట్లు నేను చూశాను.

"ఒరేయ్, బండేదిరా? ఆసుపత్రికి పోవాలి నేను," అన్నాడు.

యేసుపాదం కార్డు నాకు ఇచ్చాడు. "చదవండమ్మా. ఉన్నది ఉన్నట్టు."

ధనుంజయరావు నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది. తనకు చదవడం రాదని నాకు తెలుసునని ఆయనకూ తెలుసు. యేసుపాదానికి కూడా చదవడం రాదు. ఒక్క మాట మార్చితే చాలు. ఆ వాగులో, ఆ ఎండలో, ఆ ఒక్క మాట రెండవసారి నా నోటిలోకి వచ్చి నిలబడింది.

చదివాను. ఒక మాట కలపలేదు. ఒక మాట విడువలేదు.

"షెడ్డని ఉందా అమ్మా, ఆసుపత్రని ఉందా?" అన్నాడు యేసుపాదం.

"షెడ్డని ఉంది."

బసవయ్య పల్లెలోకి పరుగెత్తి వేరే బండి కోసం అడిగాడు. మా పల్లెలో ఇంకా మూడు బండ్లుండేవి. ఆ పూట మూడింటికీ ఇరుసులు విరిగి ఉన్నాయని చెప్పారు. అతడు వట్టి చేతులతో తిరిగి వచ్చేసరికి ధనుంజయరావు రెండు చేతులూ ఎత్తి దండం పెడుతున్నాడు. యేసుపాదం మోకు ముడి సరిచూసుకుంటూ, గొంతు పెంచకుండా చెప్పాడు.

"దొరా, బసవయ్య వట్టి చేతుల్తో వచ్చి, మా అయ్య ప్రాణం మీదికొచ్చింది, బండి కట్టు మావా అంటే కట్టేవాణ్ణేమో. నాకూ తెలవదు. కార్డు చూపించావు. చూపించాక నా ఎద్దులు నీ మోటారువి. నువ్వు చెప్పిందే."

మోటారు మాచర్ల వైపు తిరిగింది. ఈసారి అతడు ఎద్దులను కొట్టలేదు, అదిలించలేదు. వాటి ఇష్టానికి వదిలాడు. ప్రతి గతుకుకూ లోపలి నుంచి అరుపు వినిపించేది. సాక్షి ఉండాలని నేను పక్కనే నడిచాను. రెండవ మైలు దగ్గర ఆయన కన్నతల్లిని పిలిచాడు. నాలుగవ మైలు దగ్గర ఎస్తేరు పేరు పలికి, క్షమించమన్నాడు. యేసుపాదం ఎద్దులను ఆపి, నీళ్లు పట్టించి, మళ్లీ తోలాడు.

షెడ్డు చేరేసరికి నాలుగు దాటింది. షెడ్డు నడిపే మస్తాను భార్య మహమూదా బయటికి వచ్చి చూసి, రెండు చేతులతో నోరు మూసుకొంది.

"మనిషిని ఇక్కడికెందుకు తెచ్చారు?" అన్నది.

"మనిషిని తేలేదమ్మా, మోటారును తెచ్చాను," అన్నాడు యేసుపాదం.

ఆమే మనుషులను పిలిచి సాయంత్రం రైలుకు ఎక్కించింది. ధనుంజయరావు రెంటచింతల స్టేషనుకు చేరాడు గాని, ప్రాణంతో చేరలేదు. ఆసుపత్రి స్టేషనుకు రెండు ఫర్లాంగులు.

నేను మొదటి చదువును గుడిలో ఫాదరు ముందు పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను. రెండవదాన్ని చెప్పలేదు. ఇన్నేళ్లకూ చెప్పలేదు.

మరునాడు యేసుపాదం ఇత్తడి పలక పీకి బడికి తెచ్చాడు. మేకుల చిల్లులు తప్ప అది కొత్తదానిలా ఉన్నది. పలక తిరిగి పంపుతున్నట్టు సంఘానికి ఇంగ్లీషులో ఉత్తరం రాయమన్నాడు. మానుకోవడానికి కారణం అడుగుతారు, ఏమని రాయమంటావన్నాను.

అతడు గుమ్మంలో గొంతుక్కూర్చుని కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

"ఆరు మైళ్లు బాకీ ఉండె. తీరిందని రాయండమ్మా."

అట్లాగే రాసి, చదివి వినిపించాను. అతడు వేలిముద్ర వేశాడు.