బ్యాడ్జీ పెట్టుకున్న మనిషి

"దాన్ని మడత పెట్టొద్దు పుష్పా, లోపల సీసం పగుల్తాది. మళ్లీ కొనాలంటే మీ పుట్టింటోళ్లు ఇస్తారా" అనేవాడు మా ఆయన, ప్రతి శుక్రవారం నేను ఏప్రాన్ తుడిచేటప్పుడు. తడిగుడ్డతో తుడిచి, ముడత పడకుండా రెండు చేతుల మీద ఎత్తుకొని, ఎక్స్‌రే గది తలుపు పక్కన కొక్కేనికి తగిలించేదాన్ని. అయిదు కిలోల బరువు. కిరణాలు ఒంటికి తగలకుండా తొడుక్కోవలసిన వస్తువది. తొమ్మిదేళ్లలో దాన్ని ఎవరూ తొడుక్కోలేదు. మా ఇంట్లో అమ్మవారి పట్టుచీరనైనా ఏడాదికొకసారి మడత విప్పేవాళ్లం.

మా ఆయన పేరు చంద్రమోహన్. మా పెళ్లయిన మరుసటి ఏడాది, 1995లో, హిందూపురంలో ఇంటి ముందు గదుల్లోనే ఎక్స్‌రే సెంటరు పెట్టాడు. ఆయన గోడ వెనక నిలబడి మీట నొక్కుతాడు. గోడకు ఇవతల, మంచం దగ్గర, కదిలే పిల్లల్నీ వణికే ముసలివాళ్లనూ పట్టుకునేది నేను. ఫిల్ములు కడిగి ఆరబెట్టేదీ నేనే. పెనుకొండలో పదో తరగతి చదివాను, అక్షరాలు గుండ్రంగా వస్తాయి కాబట్టి ఫారాలు నింపేదీ నేనే. వీధిలో బోర్డు మీద ఆయన పేరు, పేరు పక్కన డిప్లొమా ఉన్నాయి.

ఆడవాళ్లు వస్తే ముందు ఒక మాట అడగాలి. మగవాడు అడిగితే బాగుండదని అది నాకప్పగించాడు. "నెల తప్పిందా అమ్మా?" అని నేను అడుగుతాను. గోడ మీద అట్ట కూడా ఉంది, 'గర్భిణులు ముందుగా చెప్పవలెను' అని. రాసింది నేనే. రోజుకు అయిదారుగురిని అడిగేదాన్ని. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

నాకు రెండుసార్లు కడుపు నిలిచింది. రెండుసార్లూ మూడో నెలలోనే పోయింది. "నిలుపుకొనే ఒళ్లు కాదులే" అనేది మా అత్త అంజనమ్మ, వాకిట్లో నలుగురు పేషెంట్లు వినేటట్లు. "మా కాలంలో బండలు మోసి కన్నాము. ఈమె రోజంతా ఫ్యాను కింద ఉంటాది, ఏమి బరువు మోసిందని?" అత్త పంపగా కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాను. పెనుకొండ దర్గాలో చాదరు కప్పాను. నాలో లోపముంటే చూపించు స్వామీ అని దండం పెట్టుకునేదాన్ని. లోపం నాలోనే ఉందని ఆ స్వామి నాకెప్పుడైనా చెప్పాడా అని ఇప్పుడు ఆలోచిస్తే, లేదు. చెప్పింది ఇంట్లోవాళ్లు. నేను దాన్ని గుడిదాకా మోసుకుపోయాను.

2004లో లైసెన్సు రెన్యువల్ గడువు వచ్చింది. ధర్మవరంలో రెండో సెంటరు పెట్టాలని మా ఆయనకు ఆశ. రెన్యువల్ కాగితం లేనిదే బ్యాంకువాళ్లు అప్పివ్వరు. దరఖాస్తు రుసుము, తనిఖీ రుసుము, మిషన్ పరీక్షకు రుసుము, బ్యాడ్జీకి మూడు నెలలకొక రుసుము. ఒక్కొక్కటి నా చేత రాయిస్తూ, ఒక్కొక్క దానికీ ఒక తిట్టు తిట్టాడు. "మన మీద కన్నేసి ఉండేదానికి మనమే దుడ్లు కట్టల్లంట. యాడన్నా ఉండాదా ఇట్లా?"

బ్యాడ్జీ అంటే చొక్కాకు తగిలించుకునే చిన్న బిళ్ల. ఒంటికి ఎన్ని కిరణాలు తగిలిందీ అది పట్టుకుంటుంది. మూడు నెలలకొకసారి బొంబాయికి పంపితే, అక్కడివాళ్లు చదివి కాగితం పంపుతారు. మా సెంటరుకు ఒకే బిళ్ల, ఆయన పేరున. అది ఎప్పుడూ టేబులు సొరుగులోనే ఉండేది. అందుకే కాగితంలో ఎప్పుడూ సున్న వచ్చేది. ఆ సున్నను చూసి ఆయన, పరీక్ష పాసైన పిల్లవాడిలాగా సంతోషపడేవాడు.

"నాక్కూడా ఒకటి తెప్పించండి, ఫారంలో ఇంకో పేరు రాసేదే కదా" అన్నాను.

నవ్వాడు. "నువ్వేమన్నా స్టాఫా? ఇంటి మనిషివి. నీ పేరు రాస్తే నీకు జీతం యాడని అడుగుతారు. అదొక తంటా."

తనిఖీకి వచ్చినాయనకు ఓళిగలు చేశాను. సొంత లైసెన్సు కోసం సొంత చేతులతో మా ఆయన చేసింది, కొక్కెం మీది ఏప్రాన్‌ను నిటారుగా సర్దడం. విస్తరి ముందు కూర్చొని తనిఖీ ఆయన అడిగాడు. "చిన్నపిల్లలొస్తే ఎవరు పట్టుకుంటారు?"

"వాళ్ల తల్లులే పట్టుకుంటారు సార్. ఏప్రాన్ తొడిగించి" అన్నాడు మా ఆయన.

అప్పుడు నేను నెయ్యి వడ్డిస్తున్నాను. ఒక్క చుక్క పక్కన పడలేదు. తొమ్మిదేళ్లు పిల్లల్ని కదలకుండా పట్టుకున్న చేయి అది. తనిఖీ ఆయన నా వైపు చూశాడు. ఏదో అడుగుతాడనుకున్నాను. "ఓళిగలు బాగుండాయమ్మా" అన్నాడు.

ఆ నెలలోనే ఆయుధపూజ. మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టి, సొరుగులో ఉన్నవన్నీ పీట మీద పెట్టాను. హారతి ఇస్తుంటే బిళ్ల కంటబడింది. ఏడాదికొకరోజు పూజ, మిగిలిన రోజులు సొరుగు. దాని బతుకూ నా బతుకూ ఒకటే అనిపించి నవ్వొచ్చింది. తాళికి వేలాడే పిన్నీసుల్లో ఒకటి తీసి, బిళ్లను రవికె లోపల, ఎవరికీ కనబడకుండా గుచ్చుకున్నాను. మూడు నెలలు అది నా ఒంటి మీదే ఉంది. స్నానానికి తీసేదాన్ని, మళ్లీ పెట్టుకునేదాన్ని. ఆఖరి రోజు కవరులో పెట్టి పోస్టు చేసిందీ నేనే. ఆయన సొరుగు తెరిచి చూడలేదు. పెట్టుకోని వస్తువును ఎవరు వెతుకుతారు?

బొంబాయి నుంచి సంకేతాలు, అంకెలు నిండిన ఉత్తరం వచ్చింది. చంద్రమోహన్ అనే వ్యక్తికి ఈ మూడు నెలల్లో తగలకూడనంత తగిలిందట. కారణం రాసి పంపేదాకా రెన్యువల్ ఆగుతుందట. మా ఆయన ముఖం పాలిపోయింది. కుర్చీలో కూలబడి తన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. గోళ్లు చూసుకున్నాడు. అత్త పరుగెత్తుకొచ్చి దిష్టి తీసింది. "నా కొడుక్కు ఎవురి కండ్లు పడినాయో" అని ఏడ్చింది. ఇద్దరు బిడ్డలు పోయినప్పుడు నాకోసం ఆ ఇంట్లో ఉప్పు, మిరపకాయలు పొయ్యి దాకా పోలేదు.

కాసేపటికి ఆయనకు తెలివి వచ్చింది. "నేనసలు పెట్టుకోనే లేదు కదే" అన్నాడు, బతికి బయటపడినట్లు. "మిషన్ కాడ యాడన్నా పడి ఉంటాది. రాయి పుష్పా. బ్యాడ్జీ పొరపాటున ఎక్స్‌రే గదిలో ఉండిపోయినది. అంతే. అందరూ అట్లనే రాస్తారు."

ఫారం నా ముందు పెట్టి పేషెంటును చూడడానికి లేచాడు. ఆ కిరణాల వల్లే నా బిడ్డలు పోయారని నేననను. నేను డాక్టరును కాదు. కానీ అదీ కారణం కావచ్చేమో అని ఒక్కరైనా అడిగి ఉండాల్సింది. ఫారం అడిగింది. 'బ్యాడ్జీ ధరించిన వ్యక్తి పేరు.' పుష్పావతి అని రాశాను. 'ఎన్నేళ్లుగా ఈ పని చేస్తున్నారు.' తొమ్మిది. 'స్త్రీ అయినచో గర్భవతియా.' అక్కడ కలం ఆగింది. పన్నెండు రోజులుగా నేను ఎవరికీ చెప్పని మాట అది. దాన్ని కూడా రాసి, సంతకం పెట్టి, కవరు అంటించి, పోస్టాఫీసుకు నడిచి రిజిస్టరు చేసి వచ్చాను.

వచ్చేటప్పటికి ఎర్రమంచి నుంచి యోహాను అనే కూలీ, ఏడాది బిడ్డను ఎత్తుకొని నిలబడి ఉన్నాడు. గోడ వెనక నుంచి మా ఆయన పిలిచాడు. "పుష్పా, బిరీన రా. బిడ్డ కదుల్తాండాడు."

కొక్కెం మీది ఏప్రాన్ తీసి యోహానుకు తొడిగాను. వీపు వెనక పట్టీలు గట్టిగా బిగించాను. అతను బిడ్డ మీదికి వంగితే ఏప్రాన్‌కు మొదటి ముడత పడింది.

"అదెందుకు తీసినావు? నువ్వు పట్టుకోలేవా?" మా ఆయన గోడ పక్క నుంచి తల బయట పెట్టాడు.

నేను గడప బయటే నిలబడ్డాను.

"ఈ గదిలోకి రావాలంటే ముందు ఒక మాట అడగాల. గోడ మీద రాసి ఉండాది, చదివి అడగండి. ఆ మాట ఈ పొద్దు బొంబాయోళ్లకు రాసి పంపించినాను, మీకే చెప్పలేదు."