సున్నాకు యాభై కింద

ఆ ఉదయం ఆకాశం ఏమీ తేల్చుకోలేకపోతోంది. పడమట ఒక మబ్బు నేలనానుకుని పడుకుంది, కదలదు, కురవదు. దాని కింద సన్నటి పసుపు చార. అడవి బాతుల గుంపొకటి దక్షిణానికి పోతూ మధ్యలో వరస తప్పి, కాసేపు అరుచుకుని, మళ్లీ వరస కట్టుకుంది. హాల్వర్ టుఫ్టే వాకిట్లో నిలబడి వాటిని చూశాడు. వాటికి రేడియేటర్ లేదు, ఎన్ని వేల మైళ్లయినా పోతాయి.

హాల్వర్ నార్త్ డకోటాలో నలభై ఏళ్లు గోధుమ పండించి, పొలం కౌలుకిచ్చి, ఆ పైన వేలంలో ఒక పాత ఇంటిబండి కొన్నాడు. వయసులో అది అతని కూతురి ఈడుది. లోపల మంచం, పొయ్యి, సింకు, భోజనాల బల్ల ఉన్నాయి. ఎవరైనా అడిగితే అతని భార్య ఆర్డిస్ ఇవన్నీ వరసగా చెప్పి, చివర్న, "ఇంజను కూడా ఉంది" అనేది.

అరిజోనాలో ఉన్న ఆర్డిస్ అక్క వెర్నాకు గురువారం తుంటి ఆపరేషన్. ఆర్డిస్ విమానం ఎక్కదు. పక్క పొలం డెల్మర్ వైగల్, అతని భార్య మర్నాడు పొద్దున్నే తమ కొత్త బండిలో అటే పోతున్నారు, ఒకరికి చోటుంది. ఆర్డిస్ నాలుగు రోజుల కిందటే లెక్క తేల్చేసింది.

"సోమవారం మధ్యాహ్నం పన్నెండు లోగా నీ బండి ఉడక్కుండా వంతెనెక్కి దిగితే నీతో వస్తా. లేదంటే డెల్మర్ వాళ్లతో పోతా. నువ్వు నెమ్మదిగా వెనక రా."

నలభై ఆరేళ్ల కాపురంలో ఆమె ఇంకొకరి బండిలో దూరం పోలేదు. ఏటా పోయే దారే, ప్రతి బంకులో తెలిసిన ముఖాలే. మీ ఆవిడేదని అడుగుతారు. ముందు బండిలో ఉందని చెప్పాలి. హాల్వర్ ఆ జవాబును నాలుగైదు రకాలుగా అనుకుని చూశాడు. ఏ రకంగా అన్నా అతనే వెధవ అవుతున్నాడు.

ఈ రోజు సోమవారం.

ఆ చుట్టుపక్కల ఎత్తంటే పెద్దరోడ్డు మీది వంతెన ఒక్కటే. మిగతాదంతా బల్ల పరిచినట్టు ఉంటుంది. పోయిన వారం అతను ఇంజనును చల్లబరిచే పాత కూలెంట్ దించి, కొత్తది పోసి, వంతెన మీదికి పోనిచ్చాడు. సగం ఎక్కేసరికి ఉడికింది. తప్పు ఆ కూలెంట్‌ను వదిలే కవాటం థర్మోస్టాట్‌దన్నాడు, మార్చాడు. మళ్లీ ఉడికింది. కొత్త థర్మోస్టాట్ కూడా చెడ్డదే అన్నాడు, అమ్మిన కుర్రాడిని తిట్టాడు, ఇంకొకటి వేశాడు. ఈ ఉదయం మూడోసారి ఉడికింది. రెండు సీట్ల మధ్య ఇంజను మూత సందుల్లోంచి ఆవిరి లేచి అతని కళ్లద్దాలు కప్పేసింది. వంతెన దిగువన బండి ఆపి గంటసేపు కూర్చున్నాడు. పక్కగా పోయిన ప్రతి లారీకీ చెయ్యి ఊపాడు, తనిష్టపడి అక్కడ ఆగినట్టు.

ఎలాగో నడుపుకొచ్చి వాకిట్లో పెట్టేసరికి డెల్మర్ వచ్చి ఉన్నాడు, రేపటి టైము చెప్పడానికి. బండి ముందున్న జాలీ దగ్గర వంగి ముక్కు ఎగబీల్చాడు.

"ఏమోయ్ హాల్వర్, నీ బండి తాగొచ్చిందా?"

ఈ ఇంట్లో మందు చుక్క ఉండదని ఊరందరికీ తెలుసు. డెల్మర్ నవ్వుకుంటూ ఆర్డిస్‌ని పలకరించడానికి ఇంట్లోకి పోయాడు.

హాల్వర్ కూడా వంగి వాసన చూశాడు. సారా వాసనే. కూలెంట్‌కి ఆ వాసన ఉండకూడదు.

పాకలోకి నడిచాడు. గోడ బల్ల మీద ఆరు ఆకుపచ్చ డబ్బాలున్నాయి, సీళ్లు ఊడలేదు. మూల బుట్టలో ఆరు ఖాళీ డబ్బాలున్నాయి, గులాబీ రంగువి. కళ్లద్దాలు తుడుచుకుని ఒకటి ఎత్తి చదివాడు. మీద లావుపాటి అక్షరాల్లో సున్నాకు యాభై కింద అని ఉంది. అతను చూసింది అదొక్కటే. ఆ ఊళ్లో పుట్టినవాడెవడూ డబ్బా మీద ఇంకేదీ చూడడు, ఎంత చలికి ఆగుతుందన్నదే చూస్తాడు. ఈ రోజుల్లో ఇంజను కూలెంట్ అన్ని రంగుల్లోనూ వస్తోందని ఎక్కడో విన్నాడు కూడా. కింద సన్న అక్షరాల్లో, నీళ్ల పైపులకు మాత్రమే, ఇంజనులో పోయరాదు అని ఉంది. చలికాలం బండి మూలపెట్టేటప్పుడు పైపులు పగలకుండా సింకులో పోసే సరుకు అది. ఇంజనుకని కొన్న ఆకుపచ్చ డబ్బాలు బల్ల మీదే ఉండిపోయాయి. సగం సారాయే. నిప్పు తగిలితే ఉడక్కేం చేస్తుంది?

రెండు థర్మోస్టాట్లు. ఒక కుర్రాడికి తిట్లు. యాభై ఏళ్లుగా ట్రాక్టర్లు విప్పిన చేతులు సింకు మందు తెచ్చి ఇంజనుకు పట్టాయి. హాల్వర్ తనను తాను ఎద్దన్నాడు. ఎద్దు ఇలాంటి పని చెయ్యదని గుర్తొచ్చి ఆ మాట వెనక్కి తీసుకున్నాడు.

ఎవరూ చూడలేదు. ఆ డబ్బాలు పాత ఇనుము కుప్ప కిందికి తోసేసి రేడియేటరే పోయిందని చెప్పొచ్చు. ముసలి బండి, ఎవరైనా నమ్ముతారు. అప్పుడు ఆర్డిస్ డెల్మర్ బండిలో పోతుంది, పరువు ఇతనికి మిగులుతుంది. ఖాళీ బండిలో ఒక్కడే ఆ పరువుతో కబుర్లు చెప్పుకుంటూ పదిహేను వందల మైళ్లు పోవాలి.

డబ్బా పట్టుకుని వంటింట్లోకి పోయాడు. డెల్మర్ కాఫీ తాగుతున్నాడు. హాల్వర్ డబ్బాను బల్ల మీద పెట్టాడు.

"ఇంజనులో ఇది పోశాను. ఆరూ. థర్మోస్టాట్లకు ఏ రోగమూ లేదు. రోగం నాకే."

డెల్మర్ కప్పు నోటి దగ్గరే ఆగిపోయింది. ఆర్డిస్ డబ్బాను తిప్పి చదివింది, అతని మొహం చూసింది. నవ్వలేదు. గడియారం వైపు చూసి, "పదకొండు కాలేదు ఇంకా" అని కోటు తీసుకుంది.

ఇంజను చల్లారేదాకా ఆగి, ఉన్నదంతా బకెట్లలోకి దించారు. మంచినీళ్లు పోసి, కాసేపు తిప్పి, దించి, వాసన పోయేదాకా మళ్లీ పోశారు. ముందు చక్రాలు పలకల మీదికెక్కించి ముక్కు పైకెత్తారు, వెనక మంచం దాకా పోయే హీటరు గొట్టాల్లో గాలి నిలవకుండా. ఆకుపచ్చది సగం, నీళ్లు సగం. డెల్మర్ చిన్న చెంబుతో పోస్తూ, ఈసారి కాఫీ ఏమైనా కలపాలా అని మాత్రం అడిగాడు. ఆర్డిస్ డ్రైవరు సీట్లో కూర్చుని హీటరు పూర్తిగా తెరిచి, వేడి చూపే ముల్లు ఎక్కడుందో కిటికీలోంచి చెబుతూ వచ్చింది. హాల్వర్ గొట్టాలు పిసుకుతుంటే బుడగలు గుడగుడమని పైకొచ్చాయి, ఆగాయి, ఇంకా కొన్ని వచ్చాయి. చివరికి వెనక హీటరు వేడిగాలి కొట్టింది.

ఆర్డిస్ సీటు దిగలేదు. వంతెన మీదికి తనే పోనిచ్చింది. హాల్వర్ పక్కన కూర్చుని ముల్లు చూడడానికి భయపడి ఆమె చేతులు చూశాడు. ఎక్కారు, దిగారు, అవతల తిరుక్కుని మళ్లీ ఎక్కారు. ముల్లు మధ్యలోనే ఉంది. అప్పటికి పన్నెండు దాటి నలభై నిమిషాలైంది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

వాకిట్లోకి వచ్చాక ఆమె ఇంట్లోకి పోయింది. కాసేపటికి పిండి ఉండల పులుసు గిన్నెను గుడ్డతో పట్టుకుని వాకిలి దాటి వచ్చి, బండిలోని చిన్న బల్ల మీద దించింది. మూడు పళ్లేలు పెట్టింది. రేపు ఎన్నింటికి బయల్దేరేదీ డెల్మర్ చెప్పబోయి, ఆ గిన్నె ఏ బండిలో దిగిందో చూసి, మానేసి కూర్చున్నాడు.

మోకాళ్లు తగులుకుంటున్నా ముగ్గురూ సర్దుకున్నారు. ఆర్డిస్ వడ్డించింది. హాల్వర్ పళ్లెంలో ఒక ఉండ ఎక్కువ పడింది. పులుసు వేడిగా ఉంది. గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నారు.