సోనుబాయి బిళ్ళ

సిరొంచలో జిరాక్స్ షాపు నడిపే వెంకటేశ్వర్ యూరప్ రాజుల పట్టాభిషేక పతకాలు సేకరిస్తాడు. మఖమల్ గుడ్డ పరిచిన డబ్బాలో ఒక్కో పతకానికి ఒక్కో గుంట. నార్వేది 1906, ఇంగ్లండువి 1911, 1937. ఇంగ్లండుదే 1902 గుంట ఖాళీ. ఆ పతకానికి ఒకవైపు ఎడ్వర్డ్ రాజు, రెండో వైపు అలెగ్జాండ్రా రాణి ఉంటారు.

ఆధార్ జిరాక్స్ కోసం వచ్చిన దేవక్క కౌంటరు మీదికి వంగినప్పుడు, ఆమె నల్లపూసలకు వేలాడుతూ ఆ రాణి కనిపించింది.

"అక్కా, గా బిళ్ళ ఎక్కడిది?"

"నా సవతి, సారు. సోనుబాయి."

దేవక్క ఆదయ్యకు రెండో భార్య. వాళ్ళ కులంలో రెండో భార్య, చనిపోయిన మొదటి భార్య బొమ్మను మెడలో వేసుకోవాలి. సోనుబాయికి ఫోటో లేదు. కంసాలి తన దగ్గరున్న, ఆడమనిషి బొమ్మ ఉన్న పాత వెండి బిళ్ళకు కొక్కెం అతికించి ఇచ్చాడు.

వెంకటేశ్వర్ అల్లపల్లిలో కొత్త వెండి బిళ్ళ చేయించి దేవక్క ఊరికి వెళ్ళాడు. పొరుగింటి యాదక్క కూడా అక్కడే ఉంది.

"అక్కా, గామె సోనుబాయి కాదు. లండన్ రాణి."

"అయితె కానీ సారు. పేరు పెట్టి పసుపు రాసిన్రు. ఆనాటి సంది సోనక్కనే."

"ఎన్క రాజు సుత ఉన్నడు."

"గడ్డమాయనా? మా ఆయనకు మీసమే సక్కగ రాలే."

యాదక్క నవ్వింది. వెంకటేశ్వర్ కొత్త బిళ్ళ ఇచ్చి, పాతది తనకిమ్మన్నాడు. దేవక్క తిప్పి చూసింది.

"మంచిగనే ఉన్నది. దీంట్ల సోనక్క లేదు గద. పాతది ఇస్తె యాడ పెడ్తవ్?"

"డబ్బాల. బీరువాకు తాళమేస్త."

"తాళమా! నా మెడలుంటె సంత చూస్తది, నాట్లు చూస్తది. పండుగకు కొత్త బట్ట ముందుగాల ఆమెకే చూపిస్త." కొత్త బిళ్ళ వాపసు ఇచ్చింది. "నేను పోయినంక తీస్కపో. నేనే లేకుంటె ఆమె ఎవలికి సవతి?"

"సారు మొకం చూస్తె ఆయనే ముందు పోయేటట్టున్నడు," అంది యాదక్క.

దసరాకు వెంకటేశ్వర్ జాకెట్ ముక్క తీసుకుని మళ్ళీ వెళ్ళాడు. దేవక్క వాకిలి ఊడుస్తోంది.

"ఇంక సావలే సారు."

"గందుకు రాలే. సోనుబాయికి తెచ్చిన."

ఆమె చేతులు కడుక్కుని వచ్చింది. గుడ్డ మడత విప్పి బిళ్ళకు చూపించి, తన భుజం మీద వేసుకుంది.

"సోనక్కకు పచ్చ పడది," అంది. "వచ్చే యేడు ఎర్రది తే."